కోర్సు ఆపేశాకే అసలు పని: జిమ్ స్టెరాయిడ్ల నుంచి మన కుర్రాళ్లని బయటకి తెచ్చుకోవడం

మా తమ్ముడు పద్నాలుగు వారాలు జిమ్ సూదులు వేసుకున్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా మొదలుపెట్టాడు, ఎవరికీ చెప్పకుండానే ఆపేశాడు. ఆపిన నెలకి మంచం దిగడం మానేశాడు, అన్నం సహించేది కాదు, షాపుకి రమ్మంటే కళ్లలో నీళ్లు. ఏదో అమ్మాయి గొడవ అనుకుంది అమ్మ. మాది ఒడిశాలో రాయగడ కదా, మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లి మొక్కు మొక్కింది. నేనేమో బద్ధకం అనుకుని తిట్టాను. ఆ రోజుల్లో వాడి ఒంట్లో మగ హార్మోన్ దాదాపు లేదని తర్వాత రక్తపరీక్షలో తేలింది, నేను మాత్రం వాడి బుద్ధి గురించి మాట్లాడుతూ కూర్చున్నాను. ఆ తిట్లు గుర్తొస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం, ఎక్కడ చూసినా మన తెలుగిళ్ల గుంటలు, అంటే కుర్రాళ్లు, సాయంత్రమైతే జిమ్ముల్లోనే ఉంటున్నారు. అది మంచిదే. ఆ గుంటల అమ్మానాన్నల కోసం, అన్నల కోసం, అప్పల (అక్కల) కోసం, కోచ్‌ల కోసం, ఇప్పటికే సూది పట్టిన వాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నా. మానెయ్ అని చెప్పడం అందరికీ వచ్చు. మానేశాక వచ్చే ఆరు నెలలు వాడి పక్కన ఎవరుంటారన్నదాన్ని బట్టే మళ్లీ సూది దగ్గరికి వెళ్తాడా లేదా అన్నది ఉంటుంది.

ముందు సంచిలో ఉన్నది ఏ మందో తేల్చుకోండి

స్టెరాయిడ్ అనే ఒక్క మాటతో మన దగ్గర మూడు నాలుగు వేరువేరు మందులు చలామణీ అవుతున్నాయి. ఏదని తెలియకుండా ఏ సలహా ఇచ్చినా ప్రమాదమే.

మొదటిది అసలైన జిమ్ స్టెరాయిడ్, అంటే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్, లేదా దానిలాంటివి. నాండ్రోలోన్‌ని డెకా అంటారు, మెథాండియనోన్‌ని డి-బాల్ అంటారు, స్టానజోలాల్, ఆక్సాండ్రోలోన్, ట్రెన్‌బొలోన్ కూడా ఈ జాతివే. కొన్ని నూనెలాంటి ఇంజక్షన్లు, కొన్ని మాత్రలు. వీటిని వాడే కాలాన్ని సైకిల్ అనో కోర్సు అనో అంటారు.

రెండోది డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటివి. ఇవి కండ పెంచవు, అసలు ఎక్కువ రోజులు వాడితే కండ కరిగిస్తాయి. కానీ ఆకలి పెంచి, ముఖం ఉబ్బించి, ఒంటికి నీరు పట్టిస్తాయి కాబట్టి ఒళ్లు వచ్చే మాత్రలని చెప్పి సన్నగా ఉన్న పిల్లలకి అంటగడతారు. వీటి విషయంలో ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: రెండు మూడు వారాలకి మించి వాడుతుంటే టక్కున ఆపకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అప్పటికి పడుకుని ఉంటుంది, మందు ఒక్కసారిగా ఆగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. డాక్టర్ దగ్గరికెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి. (ఇంకో మాట. స్టెరాయిడ్ అన్న పేరు విని ఉబ్బసానికి డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మానేసినవాళ్లని చూశాను. ఆ ఇన్‌హేలర్‌కీ జిమ్ సూదికీ ఏ సంబంధమూ లేదు, మానకండి.)

మూడోది మెఫెంటర్మిన్ ఇంజక్షన్. ఇది స్టెరాయిడే కాదు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే పైకి తేవడానికి వాడే మందు. దీన్ని వర్కౌట్ ముందు, ఇంకా భయమేస్తుంది చెప్పాలంటే, పోలీసు, ఆర్మీ సెలక్షన్ల పరుగు ముందు ఎక్కించుకుంటున్నారు. గుండె దడదడలాడి, బీపీ ఎగబాకి, ఎండలో పరిగెత్తే కుర్రాడు అక్కడే కూలిపోవచ్చు. అలవాటు కూడా త్వరగా పట్టుకుంటుంది, ఆపితే నిద్రలేమి, చిరాకు, అనుమానాలు వస్తాయి.

అందుకని సీసా దొరికితే విసిరేయకండి, పెట్టె మీద పేరు, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టర్‌కి దానికి మించిన సాయం లేదు. పెట్టె మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి కూడా అయ్యుండొచ్చు, దొంగచాటు సరుకులో ఇది మామూలు.

ఒంట్లో ఏం జరుగుతుందో కుర్రాడికి ఇలా చెప్పండి

మన తలలో ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపి వృషణాలకి పని చెబుతుంది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ కుప్పలుగా వచ్చిపడితే, ఇక్కడ కావలసినదానికంటే ఎక్కువే ఉందని తల ఆ రెండింటినీ ఆపేస్తుంది. పని లేని వృషణాలు చిన్నవైపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, ఒక్కోసారి సున్నాకి వస్తాయి. సూది ఆపగానే ఫ్యాక్టరీ మళ్లీ మొదలవదు. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది, చాలా ఏళ్లు వాడినవాళ్లలో కొందరికి పూర్తిగా రాదు కూడా. ఈ మధ్యలో బయటి హార్మోనూ లేదు, సొంత హార్మోనూ లేదు. మా వాడు మంచం పట్టింది సరిగ్గా ఈ గోతిలో పడి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత ఆడ హార్మోన్‌గా మారి ఛాతీ దగ్గర గడ్డలా పెరుగుతుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండ మందమవుతుంది. పాతికేళ్ల కుర్రాడికి గుండెపోటు ఏమిటి అని ఆశ్చర్యపోతాం కానీ దారి ఇదే. మాత్రల రూపంలో ఉన్నవి ఎక్కువగా కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కామెర్లు వస్తాయి. పద్దెనిమిది లోపు పిల్లలు వాడితే ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి ఎత్తు అక్కడే ఆగిపోతుంది. ఆడపిల్లలు వాడితే గొంతు మగగొంతు అవుతుంది, మందు ఆపినా పాత గొంతు తిరిగి రాదు. ఒకే సీసాలో నలుగురు సూది ముంచితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వీర్యకణాల మాట చెబితే కుర్రాళ్లు వింటారు. కాలేయం అంటే వినరు, నేను గమనించాను.

ఇంట్లో ఎలా తెలుస్తుంది

రెండు మూడు నెలల్లో ఎనిమిది పది కిలోలు పెరిగి, అదీ భుజాలూ మెడా ముందు ఉబ్బి కనిపిస్తే ఆలోచించండి. కొత్తగా జిమ్‌కి వెళ్లేవాడు బాగా తిని బాగా కష్టపడితే నెలకి అరకిలో నుంచి కిలో దాకా కండ పెడతాడు, అదే గొప్ప. ఇరవై రెండేళ్లొచ్చాక వీపు మీదా భుజాల మీదా ఒక్కసారిగా మొటిమలు, ముఖం ఎర్రగా నిగనిగలాడటం, జుట్టు రాలడం, ఇంట్లో ఎవరి ముందూ చొక్కా విప్పకపోవడం, చిన్న మాటకి తలుపు విసిరికొట్టడం, పిరుదు మీద గట్టిపడ్డ గడ్డ, ప్రోటీన్ డబ్బా అని చెప్పి తెగ డబ్బులడగడం. వీటిలో ఏ ఒక్కదాన్నీ పట్టుకుని నిందించకండి. మూడు నాలుగు కలిస్తే మాట్లాడండి.

మాట్లాడేది కూడా జిమ్ నుంచి రాగానే కాదు, చుట్టాల ముందు అసలే కాదు. నేను చేసిన తప్పు అదే. రెండోసారి వాణ్ని బండెక్కించుకుని ఊరవతలకి తీసుకెళ్లి టీ తాగుతూ అడిగాను: "ఒరే, నువ్వేం వేసుకున్నావో నాకు తెలియాలి, తిట్టడానికి కాదు, డాక్టర్‌కి చెప్పడానికి. అమ్మకి ఎప్పుడు చెప్పాలో నువ్వే చెప్పు." చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. పేర్లు, తేదీలు, అన్నీ రాసుకున్నాడు పాపం. ఇలాంటి కుర్రాళ్లు నిర్లక్ష్యంగా ఉంటారనుకోవడం పొరపాటు, చాలామంది ఒళ్లు దగ్గర పెట్టుకుని లెక్కలు రాసుకుని మరీ వాడతారు, లెక్క తప్పుగా నేర్పినవాడు వేరే ఉంటాడు.

ఇంకోటి అడగాలి. "అద్దంలో చూసుకుంటే ఎలా ఉన్నావనిపిస్తుంది?" అని. చూడ్డానికి ఎద్దులా ఉన్నవాడు కూడా ఇంకా బక్కగానే ఉన్నానన్నా అంటాడు. అది అబద్ధం కాదు, వాడికి నిజంగానే అలా కనిపిస్తుంది. దానికి మానసిక వైద్యులు చికిత్స చేస్తారు, మాటలతోనే చేసే పద్ధతి ఉంది, పనిచేస్తుంది. స్టెరాయిడ్ వాడేవాళ్లలో పదిమందికి దాదాపు ముగ్గురు దానికి బానిసలవుతారని పరిశోధనలు చెబుతున్నాయి, వాళ్లకి ఈ వైద్యం తప్పనిసరి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు, వెళ్లాక

పరీక్షలన్నీ ఒకేసారి చేయించుకోవడం మేలు. టెస్టోస్టిరాన్ పరీక్షకి రక్తం పొద్దున్నే, పది లోపు, పరగడుపున ఇవ్వాలి, సాయంత్రం ఇస్తే లెక్క తక్కువ చూపిస్తుంది. దాంతోపాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడియోల్, ప్రొలాక్టిన్, రక్తం పూర్తి లెక్క, కొలెస్ట్రాల్, కాలేయం, కిడ్నీ, బీపీ, ఈసీజీ, వీలైతే ఎకో (గుండె స్కాన్), పెళ్లి కావలసినవాడైతే వీర్య పరీక్ష. రక్తం లెక్కలో హెమటోక్రిట్ అని ఉంటుంది, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, అది 54 శాతం దాటితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని డాక్టర్లు ఆందోళన పడతారు, వెంటనే చూపించండి. పరీక్షకి ముందు వారం రోజులు బరువులెత్తకపోతే మంచిది, ఎందుకంటే గట్టి వర్కౌట్ చేసినా కాలేయం పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరుగుతాయి, కాలేయం పాడైందని ఊరికే హడలిపోతాం. కండ ఎక్కువున్నా, క్రియాటిన్ పొడి తాగుతున్నా కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

సూదులు పంచుకున్నవాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రానికి వెళ్తే హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, రహస్యంగా ఉంచుతారు. ఈ మధ్యే సూది పంచుకుని ఉంటే మూడు నెలలయ్యాక ఇంకోసారి చేయించాలి. ఆర్‌ఎంపీ చేత వేయించుకున్నాం కదా ఫర్వాలేదు అనుకోకండి, సీసా ఒకటే అయితే ఎవరు వేసినా ఒకటే.

ఎక్కడికెళ్లాలి అన్నది మన ఊళ్లలో నిజమైన కష్టం. హార్మోన్ డాక్టర్‌ని ఎండోక్రైనాలజిస్ట్ అంటారు, చిన్న ఊళ్లలో దొరకరు. బరంపురం చుట్టుపక్కలవాళ్లకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, జయపురం వాళ్లకి కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. భాష దగ్గర ఇబ్బంది పడే పెద్దవాళ్లు తోడుంటే రాయగడ నుంచి రైలెక్కి విశాఖ వెళ్లడం మేలు, కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. మొదటి మెట్టుకి మాత్రం దగ్గర్లో ఉన్న జనరల్ ఫిజీషియన్ చాలు, బీపీ, రక్తం, ఈసీజీ ఆయనే చూస్తారు. మేం మొదట వెళ్లిన ఒక డాక్టర్ మా వాడి మాట సగం కూడా వినకుండా సిగ్గులేదా అని పంపేశారు. అలా జరిగితే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, అక్కడితో ఆగిపోకండి.

మందులు ఏం రాస్తారన్నది మనిషిని బట్టి. కొందరికి ఏమీ రాయరు, నెలనెలా పరీక్ష చేస్తూ ఒళ్లు తనంతట తను లేచేదాకా చూస్తారు. కొందరికి సొంత హార్మోన్ తయారీని లేపే క్లోమిఫీన్, హెచ్‌సీజీ లాంటివి ఇస్తారు. ఛాతీ గడ్డ కొత్తదైతే మందుకి తగ్గొచ్చు, పాతబడి గట్టిపడితే ఆపరేషనే. ఇవే మందులు పీసీటీ, అంటే కోర్సు తర్వాత వేసుకునే మందులు, అని చెప్పి జిమ్ముల్లోనూ అమ్ముతున్నారు. పరీక్ష లేకుండా వాటిని కొని మింగితే ఏది తగ్గిందో ఏది పెరిగిందో ఎవరికీ తెలియదు, పైగా పీసీటీ ఉంది కదా అన్న ధీమాతో రెండో కోర్సు మొదలవుతుంది.

ఆపేశాక ఆరు నెలలు

ఇక్కడ నిదానంగా చదవండి.

మొదటి రెండు మూడు వారాలు బాగానే ఉంటాడు, ఎందుకంటే నూనె ఇంజక్షన్ మందు ఒంట్లోంచి ఒక్కరోజులో పోదు. ఇంట్లోవాళ్లం హమ్మయ్య అనుకుంటాం. ఆ తర్వాత దిగుతుంది. నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, మగతనం తగ్గిందన్న బెంగ, పైగా అద్దంలో కండ రోజురోజుకీ తగ్గుతుంటే చూస్తూ ఉండాలి. ఆరు నెలల కష్టం కరిగిపోతోందన్నా అని మా వాడు ఏడ్చాడు. ఒక్క సూదితో ఇదంతా పోతుందని వాడికి తెలుసు, వాడి ఫ్రెండ్‌కి తెలుసు, సూది అమ్మేవాడికి ఇంకా బాగా తెలుసు. చాలామంది మళ్లీ మొదలుపెట్టేది కండ కోసం కాదు, ఈ దిగులు భరించలేక.

మేం చేసినవి చెబుతాను. జిమ్ మాన్పించలేదు, జిమ్ మార్చాం. పాత జిమ్‌లో అందరూ ఏమైందిరా తగ్గిపోయావు అని అడుగుతారు, ఆ ఒక్క మాట చాలు. బరువులు సగానికి తగ్గించమని కొత్త కోచ్‌కి ముందే చెప్పి పెట్టాం, ఎందుకంటే మందు మీద ఉన్నప్పుడు ఎత్తిన బరువే ఇప్పుడూ ఎత్తబోతే నరమో కీలో పట్టేస్తుంది. ఇంట్లో ఒంటి గురించి ఎవరూ, బాగుందనీ బాలేదనీ ఏమీ అనకూడదని నియమం పెట్టుకున్నాం, మా బావ రెండుసార్లు తప్పాడు, గట్టిగానే చెప్పాను. రాత్రి పది తర్వాత ఫోన్ హాల్లో పెట్టించాం. పొద్దున ఆరింటికి నేనూ వాడితో నడిచాను, మాట్లాడినా మాట్లాడకపోయినా. రెండు నెలలు దాదాపు మాట్లాడలేదు.

దిగులు రెండు వారాలకి మించి ఉంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, హార్మోన్ లేచేదాకా ఆగుదాం అనుకోవద్దు. డిప్రెషన్ మందులు కొన్నాళ్లు వాడితే చాలామంది తేరుకుంటారు. చచ్చిపోవాలనుంది, నేనెందుకు బతకడం లాంటి మాట ఒక్కసారి వచ్చినా వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులాంటివి ఉంటే తీసేయండి. 14416 నంబరుకి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మత్తు, అలవాట్ల విషయంలో సలహాకి 14446 ఉంది.

ఇవి కనిపిస్తే మాత్రం సలహాలూ ఫోన్లూ కాదు, 108కి చేసి నేరుగా ఆసుపత్రికి: ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒకవైపు చెయ్యో కాలో పడిపోవడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, కళ్లు పచ్చబడటం, సూది వేసిన చోట ఎర్రగా వాచి జ్వరం రావడం.

ఇంకా మొదలుపెట్టని వాళ్లకి

పక్కనే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు మన తాతలందరికీ తెలుసు, ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న మనిషి. చివరి రోజులు ఇక్కడే బలంగీర్‌లో గడిపి 1942లో పోయారు. ఆయన దేశమంతా ప్రదర్శనలిస్తున్న రోజులకి టెస్టోస్టిరాన్‌ని ఎవరూ లేబొరేటరీలో తయారుచేయనే లేదు, అది జరిగింది 1935లో. డయానబాల్, అదే పైన చెప్పిన డి-బాల్ మాత్ర, మార్కెట్లోకి వచ్చింది 1958లో. మందు లేకపోతే బలం రాదనే కోచ్‌కి ఈ లెక్క చెప్పండి.

తిండి లెక్క కూడా కష్టమేం కాదు. 65 కిలోల కుర్రాడు కండ పెంచాలంటే రోజుకి కిలోకి 1.6 గ్రాముల చొప్పున 104 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. నాలుగు గుడ్లకి 24, యాభై గ్రాముల మీల్‌మేకర్‌కి 26, యాభై గ్రాముల ఉలవలకి 11, గుప్పెడు వేరుశెనగ గుళ్లకి 7, వంద గ్రాముల వండిన కోడికూరకి 25 దాకా, మిగతాది అన్నం, పప్పు, పెరుగులోంచే వచ్చేస్తుంది. కోడి తినని రోజు ఛెనా (విరిచిన పాల ముద్ద) తినండి, మన దగ్గర దొరికినంత తాజాగా ఇంకెక్కడ దొరుకుతుంది. నిద్ర ఏడెనిమిది గంటలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగాకే.

పొడి డబ్బా కొనాలనుకుంటే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూడండి, బిల్లు తీసుకోండి, పేరూ ఊరూ లేని డబ్బా ముట్టుకోవద్దు. ఎనిమిది వారాల్లో పది కిలోలు అని రాసిన ఏ డబ్బానైనా అనుమానించండి, అందులో పైన రాయని స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. ఆటల్లో ఉన్న పిల్లలకి ఇది మరీ ముఖ్యం, ఎవరు కలిపినా ఒంట్లో దొరికితే బాధ్యత ఆడే మనిషిదే, సాధారణంగా నాలుగేళ్ల నిషేధం. 2022లో దేశానికి యాంటీ డోపింగ్ చట్టం కూడా వచ్చింది. నాండ్రోలోన్ లాంటిది ఆపేసి ఏడాదయ్యాక కూడా మూత్రంలో దొరకవచ్చు.

టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్, మెఫెంటర్మిన్, ఇవన్నీ డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు, ఒడిశాలో కొన్నా ఆంధ్రలో కొన్నా చట్టం ఒకటే. జిమ్‌లో ట్రైనర్ అమ్ముతుంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు, సీసా ఫొటో అక్కడా పనికొస్తుంది.

జిమ్ నడిపే అన్నలకి ఒక మాట. మీ మాట ఆ గుంటలు అమ్మానాన్నల మాటకంటే ఎక్కువ వింటారు. కొత్త కుర్రాడు చేరిన మొదటి రోజే, ఇక్కడ ఎవరైనా సూది తెచ్చారని తెలిస్తే ముందు నాతో చెప్పు, నిన్ను పంపేయను అని మీ నోటితో చెప్పండి.

చికిత్స మొదలైనవాళ్లు ఒక మామూలు అట్ట ఫైలు కొనుక్కోండి. మొదటి పేజీలో ఏ మందు, ఎన్ని వారాలు, చివరి సూది వేసుకున్న తేదీ రాయండి. ఆ తేదీని ప్రతి డాక్టరూ అడుగుతారు, ప్రతి రిపోర్టునీ దాన్నుంచే లెక్కపెడతారు. మా వాడి ఫైల్లో మొదటి రిపోర్టులో ఎల్‌హెచ్ సున్నాకి దగ్గర్లో ఉంది, మూడోదాంట్లో కొంచెం కదిలింది, పదకొండో నెల రిపోర్టు వచ్చిన రోజు వాడే షాపుకొచ్చి నా చేతిలో పెట్టాడు.